బెంగళూరులో కొత్త ఫ్లాటా, రీసేల్ ఫ్లాటా? అడ్వాన్సు ఇచ్చే ముందే తేల్చుకోవడం ఎలా

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్లు ఇల్లు కొనాలనుకోగానే అడిగే ప్రశ్న ఒకటే: "కొత్తది తీసుకోమంటారా, రీసేల్ చూసుకోమంటారా?" ఊళ్లో నాన్నగారు కొత్తదే కొనమంటారు. ఆఫీసులో స్నేహితుడు రీసేలే మేలంటాడు. ఇద్దరి మాటా విని, రెండు నెలలు తిరిగి, ఏదీ తేల్చుకోలేక టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెంగళూరులో కొత్తా పాతా అన్నది చివర్లో తేలాల్సిన సంగతి. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఆ బిల్డింగుకు ఓసీ, అంటే మనుషులు ఉండవచ్చని ఇచ్చే పత్రం, ఉందా? నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మీరు సామాన్లతో లోపల దిగే రోజుకి మొత్తం ఎంతవుతుంది? వీటికి జవాబు దొరికితే మిగతాది చాలావరకు తేలిపోతుంది.

ఇంకొక మాట. "కొత్తది" అన్నప్పుడు రెండు వేరు వేరు సరుకులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఇంకా కడుతున్న ఫ్లాటు ఒకటి, కట్టడం పూర్తయి ఓసీ వచ్చి అమ్ముడుపోకుండా మిగిలినది ఇంకొకటి. పన్నులోనూ, రిస్కులోనూ ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. అందుకే మీ ముందున్నవి మూడు దారులని అనుకోండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- బ్యాంకు నుంచి మీ జీతం మీద ఎంత లోను వస్తుందో చెప్పే ముందస్తు మంజూరు లేఖ.
- బెంగళూరులో ప్రాక్టీసు చేసే, ఆస్తి కాగితాలు చూసే లాయరు. బిల్డరో బ్రోకరో చూపించిన లాయరు వద్దు. కన్నడ లిపి మన లిపికి దగ్గరగా ఉండటంతో చదివేయగలమని మనకు అనిపిస్తుంది. రెవెన్యూ కాగితాల దగ్గర ఆ ధైర్యం పనికిరాదు.
- కొలతల టేపు, మంచి టార్చి, నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) చూసే చిన్న మీటరు. ఆ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.
- రీసేల్ అయితే ఒక్కసారి మీతో వచ్చి చూసే సివిల్ ఇంజనీరు, లేదా అనుభవమున్న ప్లంబరు.

1. చేతిలో ఎంత డబ్బుందో ముందు రాసుకోండి

ఫ్లాటు ధరలో పావు వంతు ఉంటే చాలనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. లోను 75 లక్షలు దాటితే ఆస్తి విలువలో 75 శాతానికి, 30 నుంచి 75 లక్షల లోపు అయితే 80 శాతానికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. దానిమీద సెస్సు, సర్‌చార్జి కలిస్తే 5.6 అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు చివర్లో 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగింది. అంటే నగరంలో కోటి రూపాయల ఫ్లాటుకు దాదాపు 7 లక్షల 60 వేలు రిజిస్ట్రేషన్‌కే పోతుంది, అదీ మీ జేబులోంచి. పాత వివరాలు చూసి 6.6 శాతం లెక్క వేసుకున్నవాళ్లు దాన్ని సరిచేసుకోండి.

రీసేల్‌లో ఇంకొక ఇబ్బంది ఉంది. మీరు ఒప్పుకున్న ధరకూ, బ్యాంకు వాల్యుయేటరు వేసిన విలువకూ తేడా రావచ్చు. ఆయన తక్కువ వేస్తే ఆ తేడా మీరే పెట్టుకోవాలి. అందుకని అడ్వాన్సు ఒప్పందంలో "లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి" అన్న వాక్యం తప్పకుండా రాయించండి.

2. ఎప్పటికి ఇల్లు కావాలో తేల్చుకోండి

ఏడాది లోపల దిగాలంటే కడుతున్న ఫ్లాట్లను పక్కన పెట్టేయండి. పిల్లలు వచ్చే ఏడాది బడి మారాలి, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చేస్తున్నారు, ఇప్పుడున్న ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు: ఇలాంటివి ఏవైనా ఉంటే రీసేలో, ఓసీ వచ్చిన కొత్తదో చూసుకోవాలి. రెండు మూడేళ్లు ఆగగలిగితేనే, ఒకవైపు అద్దె, ఇంకోవైపు లోను వడ్డీ కట్టుకోగలిగితేనే కడుతున్నది చూడండి.

కడుతున్న ఫ్లాటు బుక్ చేసి, బిల్డరు చెప్పిన నెలను పట్టుకుని గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి, చుట్టాలకు టికెట్లు కొనిపించవద్దు. ఓసీ చేతికి వచ్చాకే పంతులుగారి దగ్గరికి వెళ్లండి.

3. ఓసీ చూడండి. కొత్తదైనా పాతదైనా

ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారు, మనుషులు ఉండవచ్చు అని ప్లాను ఇచ్చిన అధికార సంస్థ ఇచ్చే పత్రం. బెంగళూరులో ఏళ్ల తరబడి జనం కాపురముంటున్న అపార్ట్‌మెంట్లలోనూ ఇది లేనివి చాలా ఉన్నాయి. "అందరూ ఉంటున్నారు కదా, ఏమవుతుంది" అనే మాట ఇదివరకు చెల్లింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఓసీ చూపితేనే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని, బిల్డింగును తాకట్టు పెట్టుకుని లోను ఇచ్చేటప్పుడు బ్యాంకులు కూడా ఓసీ సరిచూసుకోవాలని ఆదేశించింది. తర్వాత చిన్న స్థలాల్లో కట్టుకున్న సొంతిళ్లకు రాష్ట్ర ప్రభుత్వం కొంత సడలింపు ఇచ్చింది. అపార్ట్‌మెంటు కొనేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. ఈరోజు మీరు ఎలాగోలా కొన్నా, రేపు మీ దగ్గర కొనేవాడికి బ్యాంకు లోను రావాలి కదా.

ఓసీ చూసేటప్పుడు జరిగే పొరపాట్లు ఇవి:

- "సీసీ ఉంది సార్" అని చూపిస్తారు. ఆ సీసీ కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ కావచ్చు. అది కట్టడం మొదలుపెట్టడానికి ఇచ్చిన అనుమతి, పూర్తయిందని ఇచ్చినది కాదు. కాగితం మీద పేరు పూర్తిగా చదవండి.
- కొన్ని టవర్లకే, కొన్ని అంతస్తులకే ఓసీ వచ్చి ఉంటుంది. మీ టవరు పేరు, మీ అంతస్తు అందులో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి.
- ప్లానులో స్టిల్ట్ (కింది పార్కింగ్ అంతస్తు) మీద నాలుగు అంతస్తులే ఉండి, కట్టింది ఐదు అయితే ఆ ఐదో అంతస్తు ఫ్లాటు ఎంత చవకగా వచ్చినా వద్దు. పెంట్‌హౌస్ పేరుతో అమ్మేవాటిలో ఈ బాపతు ఎక్కువ.
- "ఓసీకి పెట్టాం, వచ్చే నెల వస్తుంది." వచ్చే నెలే వచ్చేట్టయితే వచ్చాకే డబ్బు ఇస్తామనండి. పేరున్న బిల్డరైనా ఇదే మాట.

పూర్తయిన బిల్డింగు అంటూ ఓసీ లేకుండా చూపిస్తే అక్కడితో ఆపేయండి. ఇందులో నేను మధ్యేమార్గం చెప్పను.

4. కాగితాలు

మన ఊళ్లలో పాసు పుస్తకం, పహాణీ చూసి అలవాటైనవాళ్లు ఇక్కడ 'ఖాతా' చూడగానే అదే యాజమాన్య పత్రం అనుకుంటారు. కాదు. అది ఆస్తి పన్ను కోసం కార్పొరేషన్ రాసుకునే రికార్డు. యాజమాన్యానికి రిజిస్టరైన సేల్ డీడే ఆధారం. అయినా ఖాతా లేకుండా పని జరగదు. బీబీఎంపీ (అప్పటి నగర పాలక సంస్థ) పరిధిలో 2024 చివరి నుంచి ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఖాతా, ఉంటేనే రిజిస్ట్రేషన్ చేస్తున్నారు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కాబట్టి పాత కాగితాల మీద ఒక పేరు, కొత్తవాటి మీద ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి. రీసేల్‌లో చూడాల్సింది, ఈ-ఖాతా అమ్మేవాళ్ల పేరు మీద, ఆ ఒక్క ఫ్లాటుకే విడిగా ఉందా అని. బీ ఖాతా (నిబంధనలకు పూర్తిగా సరిపోని ఆస్తులకు విడిగా రాసేది) చూపించి "త్వరలో ఏ ఖాతాగా మారిపోతుంది" అంటే, మారాకే మాట్లాడదామనండి.

ఈసీని, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ను, రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో మీరే తీసుకోవచ్చు. అమ్మేవాళ్లు ఇచ్చిన ప్రతిని నమ్ముకోకుండా కొత్తది తీయండి. 30 ఏళ్లకు తీసి లాయరు చేతిలో పెట్టండి. ఫ్లాటుకే కాదు, కింద ఉన్న భూమి సర్వే నంబరుకూ కావాలి. హొసకోటె, సర్జాపుర, ఆనేకల్ వైపు ఒకప్పుడు పొలాలైన చోట్ల ఇంకొకటి అడగమనండి: ఆ భూమి ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇచ్చినదా? అలాంటి భూములను అనుమతి లేకుండా అమ్మితే 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. పెద్ద బిల్డింగుకు గ్రామ పంచాయతీ ప్లాను చూపిస్తే అది కూడా లాయరు తేల్చాల్సిందే.

కడుతున్నదైతే కర్ణాటక రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి చూడండి. మంజూరైన ప్లాను, పూర్తి చేస్తామని ఇచ్చిన తేదీ, గడువు పొడిగింపులు, ఫిర్యాదులు అన్నీ ఉంటాయి. సేల్స్ ఆఫీసులో చెప్పిన నెలకూ అక్కడున్న తేదీకీ ఏడాది తేడా ఉండటం మామూలే. మీ ప్లానింగ్ రేరా తేదీని బట్టే వేసుకోండి. రేరా నంబరు లేకుండా 'ప్రీ-లాంచ్' అని డబ్బు అడిగితే ఇవ్వవద్దు. రిజిస్ట్రేషన్ రాకముందు ప్రకటించడం, బుకింగ్ తీసుకోవడం రెండూ చట్టవిరుద్ధం. హైదరాబాదులో ప్రీ-లాంచ్ పేరుతో ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో మనకు తెలుసు.

రేరా పూర్తిగా అమల్లోకి వచ్చింది 2017 మే 1న. అంతకుముందే పూర్తయిన బిల్డింగుకు రేరా నంబరు ఉండదు, అది లోపం కాదు.

5. నీళ్ల సంగతి తేల్చండి

2024 ఎండాకాలంలో ఈ నగరంలో ఉన్నవాళ్లకు ఈ అంశం ఎందుకో చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీలే వరస కట్టాయి. ఆ ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది. నగరంలో తర్వాత కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు తేవడం దాని లక్ష్యం. ప్రాంతానికి కావేరి వచ్చిందంటే మీ అపార్ట్‌మెంటుకు వచ్చిందని కాదు, వచ్చినా సరిపడా వస్తోందని కాదు.

రీసేల్‌కు ఉన్న పెద్ద మేలు ఇక్కడే కనిపిస్తుంది. అసోసియేషన్ వాళ్లను మార్చి, ఏప్రిల్, మే నెలల లెక్కలు అడగండి. ట్యాంకర్లకు ఎంత పోసారు, కావేరి బిల్లు ఎంత అన్నది అందులోనే ఉంటుంది. నవంబరు లెక్క చూపిస్తే ఉపయోగం లేదు. కొత్త ప్రాజెక్టులో ఇది అడగడానికి ఎవరూ ఉండరు. కాబట్టి పక్కనే ఉన్న పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి అడగండి, భూమి లోపలి నీరు రెండింటికీ ఒకటే.

టీడీఎస్ మీటరును వంటింటి ఫిల్టరు కింద కాదు, బాత్రూం కుళాయి కింద పెట్టండి. తాగే నీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. బాత్రూంలో 1200 వస్తే తాగడానికే కాదు, గీజర్లకు, వాషింగ్ మెషిన్‌కు, జుట్టుకు కూడా ఇబ్బందే. ఆ ఖర్చు మీ లెక్కలో రాసుకోండి.

వాన నీళ్ల సంగతీ చూడాలి. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యెమలూరు, సర్జాపుర రోడ్డు వైపు విల్లాల్లోకి నీళ్లొచ్చి జనాన్ని ట్రాక్టర్లలో తరలించారు. చెరువు, రాజకాలువ (వాన నీళ్లు పోయే పెద్ద కాలువ) దగ్గర్లో ఉంటే సర్వే మ్యాపు తెప్పించి లాయరుకు చూపండి. బేస్‌మెంటు పార్కింగ్‌లో స్తంభాల మీద నీళ్లు నిలిచిన గీత ఉందేమో కూడా చూడండి.

6. పాత ఫ్లాటును పరీక్షించడం

దీనికి గంటన్నర పెట్టుకోండి. కొత్తగా పెయింటు వేసి ఉంటే ఇంకాస్త ఎక్కువ.

ముందు బాత్రూంలోకి వెళ్లకండి. బాత్రూం గోడకు అవతలివైపు ఉన్న బెడ్‌రూం గోడ దగ్గరికి వెళ్లండి. స్కర్టింగ్ టైలుకు జానెడు పైన అరచేతితో గట్టిగా రాయండి. తెల్లటి పొడి అంటుకుంటే, పెయింటు పెళుసుగా ఊడితే, లోపల తేమ ఉందని అర్థం. ఆ గోడకు వార్డ్‌రోబ్ ఉంటే కింది అర ఖాళీ చేయించి, తల లోపల పెట్టి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే వెనక చెక్క ఉబ్బి ఉంటుంది. తర్వాత బాత్రూం పైకప్పు. ఫాల్స్ సీలింగ్‌లో తీసి పెట్టుకునే పలక ఒకటి ఉంటుంది, దాన్ని తీయించి టార్చి వేయండి. పైపుల చుట్టూ గోధుమ రంగు చారలు, తెల్లగా గట్టిపడిన సున్నం బొట్లు కనిపిస్తే పై ఫ్లాటు బాత్రూం కారుతోంది. దాన్ని బాగు చేయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి, వాళ్ల టైల్స్ తవ్వాలి. మీ డబ్బుతో మాత్రమే తేలే పని కాదు కాబట్టి, కొనకముందే అసోసియేషన్ ద్వారా రాతపూర్వకంగా తేల్చుకోండి.

తర్వాత తాళం చెవితో గదిలో టైల్స్ మీద అక్కడక్కడ తట్టండి. డొల్ల శబ్దం ఒకటి రెండు చోట్ల వస్తే పర్లేదు, హాలంతా వస్తే ఫ్లోరింగ్ ఖర్చు వేసుకోండి. ఉదయం ఏడు గంటలకు, అందరూ స్నానాలు చేసే సమయంలో, రెండు కుళాయిలూ షవరూ ఒకేసారి తిప్పి ధార చూడండి. 20 ఏళ్లు దాటిన బిల్డింగులో ఇనుప పైపులుంటే లోపల తుప్పుతో సన్నబడి ఉంటాయి. మెయిన్ బోర్డు తెరిచి, ఎర్తింగ్, షాకు కొడితే ఆపేసే బ్రేకరు ఉన్నాయో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

ఇవన్నీ డబ్బుతో బాగయ్యేవి. పార్కింగ్‌లో స్తంభాలు, దూలాల దగ్గర సిమెంటు పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము బయటపడి ఉంటే మాత్రం ఇంజనీరు లిఖితపూర్వకంగా పర్లేదనేదాకా ముందుకు వెళ్లవద్దు.

మనుషులతో మాట్లాడండి. అందరికంటే ఎక్కువ తెలిసేది ఆ అపార్ట్‌మెంటుకు ఎప్పుడూ వచ్చే ప్లంబరుకి. ఏ లైనులో పైపు కారుతుందో, ఏ ఫ్లాటులో మూడుసార్లు తవ్వారో ఆయనకు తెలుసు. తర్వాత పక్కింటివాళ్లు. అసోసియేషన్‌ను అడగాల్సినవి: కార్పస్ ఫండ్ (పెద్ద పనుల కోసం దాచిన నిధి) ఎంతుంది, ఈ ఫ్లాటు మీద బకాయిలున్నాయా, లిఫ్టులు మార్చడానికో రంగులకో త్వరలో తలా ఇంత అని వేయబోతున్నారా, బిల్డరుతో కేసులున్నాయా. పార్కింగ్ నంబరు సేల్ డీడ్‌లో ఉందో లేదో కూడా సరిచూసుకోండి, వాడుకుంటున్నంత మాత్రాన అది వాళ్లది కాదు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఒకసారి గట్టి వాన పడ్డ మర్నాడు. బెంగళూరులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు బాగా పడతాయి. ఇంకోసారి పనిరోజు ఉదయం ఎనిమిదిన్నరకు, అక్కడి నుంచి మీ ఆఫీసుకు నిజంగా బయలుదేరి చూడండి. ఆషాఢంలో మనవాళ్లూ కన్నడిగులూ చాలామంది రిజిస్ట్రేషన్లు పెట్టుకోరు. చూడటానికి, బేరానికి అది మంచి సమయం. శ్రావణంలో రిజిస్టర్ చేసుకోవచ్చు.

7. కొత్త ఫ్లాటును పరీక్షించడం

మోడల్ ఫ్లాటు చూసి నిర్ణయించుకోవద్దు. అదే బిల్డరు ఐదారేళ్ల క్రితం అప్పగించిన ప్రాజెక్టుకు ఆదివారం ఉదయం వెళ్లి, వాకింగ్ చేస్తున్నవాళ్లను పలకరించండి. సమయానికి ఇచ్చారా, ఓసీ ఎప్పుడొచ్చింది, గోడలు కారుతున్నాయా, ఫోను చేస్తే పలుకుతారా అని అడగండి. మనవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు, ఉన్నదున్నట్టు చెబుతారు.

ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి ఇవ్వకండి, తీసుకోకూడదని రేరా చట్టమే చెబుతోంది. మీ ఒప్పందంలో కార్పెట్ ఏరియా (మీ తలుపు లోపల వాడుకోగలిగే చోటు) అంకె, అప్పగించే తేదీ, ఆలస్యమైతే వడ్డీ స్పష్టంగా ఉండాలి. అప్పగించిన ఐదేళ్ల లోపు కట్టుబడి లోపాలు బయటపడితే బిల్డరే ఉచితంగా బాగు చేయాలి. ఈ హక్కు వాడుకోవాలంటే ఫిర్యాదు ఎప్పుడూ ఈమెయిల్‌లోనే ఇవ్వండి.

తాళాలు తీసుకునే రోజు తొందరపడి సంతకం పెట్టకండి. బాత్రూంల నీళ్ల దారి మూసి, అంగుళం ఎత్తు నీళ్లు పోసి, 24 గంటలు ఉంచి, కింది ఫ్లాటు పైకప్పు చూడమనండి. బాల్కనీలో బకెట్టు నీళ్లు పోసి అవి హాలువైపు వస్తున్నాయో, జాలీవైపు పోతున్నాయో చూడండి. లోపాల జాబితా రాసి బిల్డరు మనిషి సంతకం తీసుకోండి.

8. మొత్తం లెక్క కార్పెట్ ఏరియా మీద వేయండి

సూపర్ బిల్టప్ (లాబీలు, మెట్లలాంటి వాటిలో మీ వాటా కూడా కలిపిన వైశాల్యం) మీద చదరపు అడుగు ధర పోల్చడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. కొత్త టవర్లలో క్లబ్‌హౌసు, లాబీలు పెద్దవి కాబట్టి మీ తలుపు లోపల దొరికే చోటు తగ్గుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి.

కడుతున్న ఫ్లాటు: ధర కోటి, కార్పెట్ 880 చదరపు అడుగులు. జీఎస్టీ 5 శాతం అంటే 5 లక్షలు. రిజిస్ట్రేషన్ 7.6 లక్షలు. కార్పస్, ముందస్తు మెయింటెనెన్స్ 1.5 లక్షలు. వంటిల్లు, వార్డ్‌రోబులు 8 లక్షలు. రెండున్నరేళ్లు నెలకు 30 వేల అద్దె 9 లక్షలు. మొత్తం కోటి 31 లక్షలు. కార్పెట్ అడుగుకు దాదాపు 14,900.

ఓసీ వచ్చిన కొత్తది: ధర కోటి 8 లక్షలు, కార్పెట్ అంతే. జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్ 8.2, కార్పస్ 1.5, ఇంటీరియర్ 8, నాలుగు నెలల అద్దె 1.2. మొత్తం కోటి 27 లక్షలు. అడుగుకు 14,400.

ఎనిమిదేళ్ల రీసేల్: ధర 95 లక్షలు, కార్పెట్ 930. రిజిస్ట్రేషన్ 7.2, బ్రోకరు 1 శాతం, రిపేర్లు 6, రెండు నెలల అద్దె 60 వేలు. మొత్తం కోటి 10 లక్షల లోపు. అడుగుకు 11,800.

మీ ప్రాంతంలో అంకెలు వేరుగా ఉంటాయి. కడుతున్న ఫ్లాటు ఓసీ వచ్చినదానికంటే 8 లక్షలు చవకగా కనిపించి, చివరికి 4 లక్షలు ఎక్కువైందని మాత్రం గమనించండి. లోను వడ్డీ ఇందులో ఇంకా కలపలేదు. 45 లక్షల లోపు ధర, 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఉన్న కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ 1 శాతమే.

లెక్కలో పడని అంశం ఒకటుంది, భూమిలో మీ అవిభాజ్య వాటా. పాత చిన్న బిల్డింగుల్లో అది ఎక్కువ, ముప్పై అంతస్తుల టవర్లలో చాలా తక్కువ. 15 ఏళ్లు దాటిన ఫ్లాటు కొంటే మీరు ముఖ్యంగా కొంటున్నది ఆ వాటానే. అలా అని పడగొట్టి కడితే రెట్టింపు వస్తుందన్న ఆశతో కొనకండి. ఫ్లాట్లవాళ్లందరూ ఒప్పుకోవడం తేలిక కాదు.

ఉద్యోగం చేసుకుంటూ, అద్దె కడుతూ, మొదటి ఇల్లు కొంటున్నవాళ్లకు ఓసీ ఉన్న ఐదు నుంచి పదేళ్ల ఫ్లాటే నేను ముందు చూడమంటాను. కట్టడంలో లోపాలుంటే అప్పటికి బయటపడి ఉంటాయి, అసోసియేషన్ కుదురుకుని ఉంటుంది, లిఫ్టులూ పైపులూ మార్చే ఖర్చు ఇంకా దూరంగా ఉంటుంది. తూర్పు ముఖం, ఫలానా అంతస్తు, వంటిల్లు ఆగ్నేయంలోనే అని పట్టుదలగా ఉన్నవాళ్లకు మాత్రం రీసేల్‌లో ఎంపిక తక్కువ. వాళ్లు ఓసీ వచ్చిన కొత్తవాటిలో వెతుక్కోవడం మంచిది.

9. డబ్బు ఇవ్వడం, రిజిస్ట్రేషన్

అమ్మేవాళ్లకు లోను ఉంటే భయపడక్కర్లేదు. వాళ్ల బ్యాంకు నుంచి ఎంత బాకీ ఉందో, ఏ ఒరిజినల్ పత్రాలు లోపలున్నాయో రెండు లేఖలు తెప్పించండి. ఆ మొత్తాన్ని మీ బ్యాంకు నేరుగా ఆ లోను ఖాతాకు కట్టాలి, అమ్మేవాళ్ల చేతికి ఇవ్వకూడదు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టే బాధ్యత మీది. అమ్మేవాళ్లు అమెరికాలోనో ఇంకెక్కడో స్థిరపడి ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం వర్తించదు. 50 లక్షల పరిమితీ లేదు, కోయాల్సింది చాలా ఎక్కువ. బెంగళూరు రీసేల్‌లో ఇలాంటి ఓనర్లు ఎక్కువ కాబట్టి, "మీరు ఇండియాలోనే ఉంటున్నారా" అని మొదటి ఫోనులోనే అడిగి, అవసరమైతే ఆడిటరును పెట్టుకోండి. పవర్ ఆఫ్ అటార్నీతో వేరేవాళ్లు సంతకం పెడుతుంటే అది ఇక్కడ చెల్లేలా ఉందో లేదో లాయరు చూడాలి. అమ్మే ఆయనతో వీడియో కాల్‌లో మీరే ఒకసారి మాట్లాడండి.

"కొంత నగదు ఇవ్వండి, తక్కువకు రిజిస్టర్ చేద్దాం" అంటే ఒప్పుకోకండి. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. పైగా మీకు లోను తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది.

సంతకానికి ముందు రోజు డ్రాఫ్టులో మీ పేరు అక్షరం అక్షరం చూసుకోండి. మనకు ఇంటిపేరు ముందుండటం, పాన్‌లో పూర్తి పేరు ఉండి ఆధార్‌లో పొడి అక్షరాలుండటం మామూలు. డీడ్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా పడితే తర్వాత సవరణ పత్రం రాయించి మళ్లీ ఇద్దరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలి. అప్పటికి అమ్మినవాళ్లు ఏ దేశంలో ఉంటారో తెలియదు.

రిజిస్ట్రేషన్ అయిన రెండు మూడు వారాలకు కావేరి పోర్టల్‌లో మళ్లీ ఈసీ తీయండి. ఆఖరి వరసలో కొన్నవారిగా మీ పేరు, ఫ్లాటు నంబరు, అవిభాజ్య వాటా సరిగ్గా పడ్డాయో చూడండి. అవి సరిగ్గా ఉంటే ఆ ఈసీ, సేల్ డీడ్ నకలు పట్టుకుని ఈ-ఖాతాను, బెస్కాం కరెంటు మీటరును, అసోసియేషన్ సభ్యత్వాన్ని మీ పేరుకు మార్పించుకోండి.